ఐదుగురితో లాటిన్ మోటెట్లు: ఎక్కడ మొదలుపెట్టాలి, శ్రుతి ఎందుకు దిగుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఐదుగురు: పైనుంచి కిందికి ఇద్దరు సొప్రానోలు, ఒక ఆల్టో, ఒక టెనర్, అన్నిటికన్నా కింద ఒక బాస్. చర్చిలో ఆర్గన్ తోడుగా నాలుగు గొంతుల కీర్తనలు పాడిన అలవాటుంది, స్టాఫ్ నొటేషన్ చదవగలరు. ఇప్పుడు ఏ వాద్యమూ లేకుండా పదిహేను, పదహారు శతాబ్దాల లాటిన్ మోటెట్లు, అంటే భక్తి వాక్యాలను పలు గొంతులు వేర్వేరు వరుసల్లో అల్లి పాడే రచనలు, పాడాలనుకుంటున్నారు. ఐదుగురు సరిపోతారా, ఏ రచనతో మొదలుపెట్టాలి, పాట ముగిసేసరికి శ్రుతి ఎందుకు దిగిపోతోంది, లాటిన్ ఎలా పలకాలి అన్నవి మీ సందేహాలు. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి చిన్న బృందాల్లో బాస్ పాడుతున్నాను కనుక, చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ఐదుగురు సరిపోతారు. పెద్ద గాయక బృందం దొరకక సర్దుకుంటున్నామన్న భావన ముందు మనసులోంచి తీసేయండి. 1502లో వెనిస్‌లో ఒత్తావియానో పెత్రుచ్చి అచ్చువేసిన మొదటి మోటెట్ల సంపుటిలో గానీ, ఆ తర్వాత ఆ శతాబ్దమంతా వచ్చిన సంపుటాల్లో గానీ, ఈనాడు మనం చూసే స్కోరు, అంటే అన్ని గొంతులూ ఒకదాని కింద ఒకటి కనిపించే పుట, దాదాపుగా ఉండేది కాదు. శతాబ్దం సాగేకొద్దీ సూపెరియుస్‌కు, అంటే పై గొంతుకు, ఒక పుస్తకం, ఆల్తుస్‌కు ఒకటి, తెనోర్‌కు ఒకటి, బాస్సుస్‌కు ఒకటి అచ్చువేయడం మామూలైపోయింది. ఐదో గొంతు ఉంటే దాని పుస్తకం పేరు క్వింతుస్. గాయకుడి ముందు తన వరుస మాత్రమే ఉండేది, అందులో తాళాన్ని విడగొట్టే నిలువు బార్ గీతలు కూడా ఉండేవి కావు. మిగిలినవారు ఏం పాడుతున్నారో చెవితోనే తెలుసుకోవాలి. మీకు అలవాటైన కీర్తనలో రాగం సొప్రానోది, మిగిలినవాళ్ళు దాని కింద దన్నుగా నిలబడతారు. మోటెట్‌లో అలా ఉండదు. ఒక వాక్యఖండానికి పుట్టిన రాగాన్ని ఒకరు ఎత్తుకుంటే, అదే రాగాన్ని మరొకరు నాలుగైదు స్వరాల పైనో కిందో అందుకుంటారు, ఆ తర్వాత ఇంకొకరు. ఐదుగురిలో ప్రతివారూ ఆ వాక్యం మొత్తాన్ని స్వయంగా పలుకుతారు. అందుకే మీరు స్కోరులో నిలువుగా శ్రుతిమేళనాలు (కార్డ్‌లు) చూసుకుంటూ నేర్చుకోవద్దు. ఎవరి వరుసను వారు, మాటలతో సహా, ఒక పద్యం కంఠస్థం చేసినట్టు అడ్డంగా నేర్చుకోండి. మీరు అడిగిన ప్రతి చిక్కుకూ సగం మందు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

చిన్న బృందానికే పుట్టిన సంగీతం కావాలంటే సంగీత రచయిత విలియం బర్డ్ దగ్గరికి వెళ్ళాలి. ఇంగ్లండులో కాథలిక్ ఆరాధన చట్టవిరుద్ధమైన కాలంలో ఆయన ఒకపక్క రాణి ఎలిజబెత్ ఆస్థాన గాయక బృందమైన చాపెల్ రాయల్‌లో ఉద్యోగి, మరోపక్క విడవని కాథలిక్. 1590ల్లో ఎసెక్స్‌లోని స్టోండన్ మాస్సీకి మారి, దగ్గర్లోని పీటర్ కుటుంబం వంటి కాథలిక్ జమీందారుల ఇళ్ళలో తలుపులు మూసి జరిగే ఆరాధనలకు సంగీతం రాశాడు. మూడు, నాలుగు, ఐదు గొంతులకు రాసిన ఆయన మాస్‌లు, అంటే కాథలిక్ ఆరాధన పాఠాలకు కట్టిన సంగీతం, 1592–95 మధ్య ముఖపత్రం లేకుండా అచ్చయ్యాయి. 1605లో ‘గ్రాదువాలియా’ అన్న ఆయన సంపుటి మొదటి భాగం వచ్చింది. ఆ ఏడాదే లండన్‌లో ఒక ఫ్రెంచి దేశస్థుడి దగ్గర బర్డ్ పుస్తకాలు దొరికితే అతన్ని న్యూగేట్ జైల్లో పెట్టారు. ఆ ఇళ్ళలో పాడడానికి పెద్ద బృందం ఎక్కడినుంచి వస్తుంది? ఉన్న నలుగురైదుగురే పాడుకున్నారు. గొంతు పెంచి పాడే వీలు కూడా అంతగా లేని గదులు అవి. మీ డ్రాయింగ్ రూమ్ ఈ సంగీతానికి కొత్త చోటేమీ కాదు.

అందుకని నాలుగు గొంతుల మోటెట్లలో మొదటిది బర్డ్ ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ చేయండి. నాలుగు నిమిషాల రచన, అదే ‘గ్రాదువాలియా’లోది. ఎక్కువ భాగం నలుగురూ ఒకేసారి మాటలు పలుకుతారు కనుక దారి తప్పే ప్రమాదం తక్కువ. అయితే ఆరంభాన్నే ఒక పరీక్ష ఉంది. జి మైనర్‌లో పాడుతున్నామనుకుంటే, ‘ఆవే’ రెండో అక్షరం మీద సొప్రానో ఎఫ్ షార్ప్ పాడుతుంది, వెంటనే ‘వేరుమ్’ అన్న మాటను బాస్ దానికన్నా అర స్వరం తక్కువైన ఎఫ్ నాచురల్‌తో ఎత్తుకుంటుంది. ‘వేరుమ్’ అంటే నిజమైన అని అర్థం. ఆరాధనలో పంచే రొట్టెలో ఉన్నది క్రీస్తు నిజమైన శరీరమేనన్న విశ్వాసం చుట్టూనే ఆ కాలపు మతవివాదం తిరుగుతున్నప్పుడు బర్డ్ సరిగ్గా ఆ మాట దగ్గర చెవికి ఒక చురక పెట్టాడు. బాస్ పాడేవారు అక్కడ సంకోచిస్తే, పైవాళ్ళ షార్ప్ జ్ఞాపకంతో ఎఫ్‌ను కొంచెం పైకి లాగితే, ఆ చురక పోయి కేవలం అపశ్రుతి మిగులుతుంది. మా బృందంలో ఈ మూడు స్వరాలను ఒక సాయంత్రమంతా పాడాం. విసుగనిపించింది, కానీ ఆ తర్వాత మరెన్నడూ అక్కడ తడబడలేదు.

దానికి ముందు ఇద్దరిద్దరుగా సాధన చేయడానికి ఓర్లాండో ది లాస్సో రాసిన రెండు గొంతుల పాటలున్నాయి. మ్యూనిక్‌లో 1577లో అచ్చయిన ఆ పుస్తకంలో 24 రచనలు, వాటిలో 12కు లాటిన్ మాటలున్నాయి, మిగిలిన 12 మాటలు లేనివి. ‘ఓకులుస్ నోన్ వీదిత్’, ‘సీకుత్ రోజా’ వంటివి పొట్టిగా ఉంటాయి. సొప్రానోతో టెనర్, ఆల్టోతో బాస్, ఇలా జతలు మార్చి పాడండి, అవసరమైతే ఒక వరుసను అష్టమం (ఆక్టేవ్) దించుకోండి. ఇద్దరే పాడుతున్నప్పుడు దాక్కోవడానికి చోటుండదు, తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలిసిపోతుంది.

ఇద్దరు సొప్రానోల సంగతి విడిగా చెప్పాలి. నాలుగు గొంతుల రచనలో ఒకే వరుసను ఇద్దరూ కలిసి పాడాలని మీకు అనిపిస్తుంది. వద్దు. ఒక వరుసకు ఒకరున్నా బాగుంటుంది, ముగ్గురున్నా బాగుంటుంది కానీ, ఇద్దరున్నప్పుడు చిన్న తేడా కూడా రెండు గీతల్లా విడిగా వినబడుతుంది. ఒక పాటలో ఒకరు, మరో పాటలో మరొకరు పాడండి. ఇద్దరికీ పని కావాలంటే స్పెయిన్‌లోని సెవిల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో గెర్రేరో రచన ‘ఆవే వీర్గో సాంక్తిస్సిమా’ మీ కోసమే రాసినట్టు ఉంటుంది. 1566లో వెలువడిన ఈ ఐదు గొంతుల మోటెట్‌లో పై రెండు గొంతులూ ఒకే రాగాన్ని ఒకే స్థాయిలో ఒకరి వెనుక ఒకరు పాడతారు. రెండో సొప్రానో మొదటి సొప్రానోకు నీడ. మొదటివారు మాటను ఎలా విరిచారో, ఎక్కడ ఊపిరి తీశారో రెండోవారు అచ్చంగా అలాగే చేస్తే వినేవారికి ఒకే గొంతు రెండు చోట్ల నుంచి వస్తున్నట్టుంటుంది. ఇటలీ రచయిత పాలెస్త్రీనా 1584లో ప్రకటించిన పరమగీతం మోటెట్లు 29 కూడా ఐదు గొంతులవే, అయితే వాటిలో ఐదో గొంతు అన్నిచోట్లా సొప్రానో కాదు కనుక ఒక్కొక్కటి చూసి ఎంచుకోవాలి.

ఇక శ్రుతి దిగడం. ముందు మా కథ వినండి. మొదటిసారి జనం ముందు ‘ఆవే వేరుమ్’ పాడిన రోజు, పాట చివరి ‘ఆమెన్’ అయ్యాక చప్పుడు లేని నిశ్శబ్దం వస్తే బ్రహ్మాండంగా పాడామనుకున్నాం. అర నిమిషం తర్వాత ఆర్గన్ వాయించే ఆయన కార్యక్రమం ప్రకారం అదే జి శ్రుతిలో తన వాద్యాన్ని అందుకున్నాడు. దాదాపు అర స్వరం తేడా. అప్పటిదాకా మేము దిగిన సంగతి మాలో ఎవరికీ తెలియదు, ఆ క్షణంలో మాత్రం ఆఖరి బెంచీలో కూర్చున్నవారికి కూడా తెలిసిపోయింది.

దిగడానికి ఎక్కువగా కారణమయ్యేవి మామూలు సంగతులే. వరుసగా కిందికి దిగే స్వరాల్లో ప్రతి మెట్టూ కొంచెం పెద్దదవుతుంది, పైకి ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ కొంచెం చిన్నదవుతుంది. ఒకే స్వరాన్ని నాలుగుసార్లు పలకవలసి వస్తే నాలుగోది మొదటిదానికన్నా కింద ఉంటుంది. పొడుగాటి వాక్యం చివర ఊపిరి చాలక స్వరం కుంగుతుంది. వీటికి మందు జాగ్రత్త ఒక్కటే. ఇవి కాక సంగీతంలోనే ఉన్న కారణం ఇంకొకటుంది, అది తెలియకపోతే ఒకరినొకరు నిందించుకుంటూ కూర్చుంటారు. కీబోర్డు మీద మేజర్ థర్డ్, అంటే షడ్జమం నుంచి అంతర గాంధారం దాకా ఉండే దూరం, 400 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). మానవ కంఠాలు అలలు లేకుండా, అంటే శ్రుతులు సరిగా కలవనప్పుడు వినబడే కంపం లేకుండా, కలిసే థర్డ్ 386 సెంట్లు, అంటే తంబురా మీటగానే షడ్జమంలోంచి దానంతటదే వినబడే అంతర గాంధారం. మీలో ఎవరైనా కర్ణాటక సంగీతం నేర్చుకుని ఉంటే ఆ గాంధారం వారి చెవిలో ఇప్పటికే ఉంది, మిగిలినవారు వారిని ఆశ్రయించవచ్చు. సి మేజర్, ఏ మైనర్, డి మైనర్, జి మేజర్, మళ్ళీ సి మేజర్ అన్న క్రమంలో ప్రతి మేళనాన్నీ ఇలా స్వచ్ఛంగా కలుపుతూ, ఒక మేళనం నుంచి మరొకదానికి ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని కదలకుండా పట్టుకుంటే, చివరి సి మొదటి సి కన్నా 21.5 సెంట్లు కిందికి వస్తుంది. ఎవరూ తప్పు పాడకుండానే! అలాంటివి ఐదు చుట్లు తిరిగితే అర స్వరం పోయినట్టే. డి మైనర్ నుంచి జి మేజర్‌కు వెళ్ళేటప్పుడు డి స్వరాన్ని పట్టుకున్నవారు, అంటే రిషభం పాడేవారు, దాన్ని కాస్త పైకి సర్దుకోవాలి. అంతకన్నా సులువైన మార్గం, బాస్ పాడేవారు మొదటి షడ్జమాన్ని మనసులో వదలకుండా ఉంచుకుని తన పంచమాన్ని దానినుంచి కొలుచుకోవడం. సాధనలో కీబోర్డుతో స్వరాలు కొట్టి వినిపించకండి, ఫోనులో తంబురా పెట్టుకోండి. ఒక్కొక్క భాగం ముగియగానే ట్యూనింగ్ ఫోర్క్‌తో ఎంత దిగారో చూసుకోండి, పాట మధ్యలో ఎవరినీ దిద్దకండి.

కర్ణాటక శిక్షణ ఉన్నవారికి ఒక్క హెచ్చరిక. గమకం ఇక్కడ పనికిరాదు. స్వరం నుంచి స్వరానికి జారకుండా, ఊగకుండా నేరుగా వెళ్ళాలి. నలుగురు నిలకడగా ఉండి ఒకరు ఊగితే శ్రుతి మొత్తం చెదిరిపోతుంది.

దీనికి ఆనుకునే మరొక విషయం ఉంది, ప్రతి వాక్యం ముగిసే చోటు, అంటే కేడెన్స్. అక్కడ సాధారణంగా ఇద్దరు ముఖ్యులు. ఒకరు తమ స్వరాన్ని పట్టుకుని ఉండగా రెండోవారు కదిలి దానితో ఒరిపిడి కలిగిస్తారు. అప్పుడు పట్టుకున్నవారు ఒక మెట్టు దిగి, మళ్ళీ అర స్వరం ఎక్కి ముగింపు స్వరానికి చేరతారు. రెండోవారు ఒక స్వరం దిగి అదే ముగింపును అష్టమంలో కలుసుకుంటారు. ఈ అర స్వరం ఎక్కడానికి అవసరమైన షార్ప్‌ను ఆ కాలపు పుస్తకాల్లో తరచుగా రాసేవారు కాదు, గాయకుడికే తెలిసి ఉండాలి. ఈనాటి సంపాదకులు దాన్ని స్వరం పైన చిన్న అక్షరంలో అచ్చువేస్తారు. ఆ ఒరిపిడి దగ్గర పట్టుకున్నవారు సాధారణంగా మర్యాదకు పోయి గొంతు తగ్గిస్తారు. తగ్గించకూడదు, కొద్దిగా పెంచాలి, విడుదలయ్యాకే మెత్తబడాలి. మీ స్కోరులో ఇలాంటి చోట్లన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి, ఎవరెవరి మధ్య జరుగుతోందో రాసుకోండి, వారిద్దరూ ఆ క్షణంలో ఒకరినొకరు చూసుకోవాలి.

వేగం గురించి అడగలేదు గానీ చెప్పక తప్పదు. పెద్ద గుడుల్లో, పెద్ద బృందాలు పాడిన రికార్డింగులు విని ఆ నడకనే పట్టుకుంటే మీకు ఊపిరి చాలదు. వరుసకు ఐదారుగురు ఉన్నచోట ఒకరి తర్వాత ఒకరు దొంగతనంగా ఊపిరి తీసుకుంటారు, మీకు ఆ వెసులుబాటు లేదు. తెల్లటి పొడుగు స్వరాలు చూసి భయపడి నెమ్మదించకండి. ఆ కాలంలో తాళం అంటే చేయి దించడం, ఎత్తడం, తీరికగా నడిచే మనిషి అడుగుల్లాంటిది. ఊపిరి మాటల మధ్య విరామం దగ్గర తీసుకోండి, ముందున్న స్వరాన్ని కొంచెం కత్తిరించి తీసుకోండి గానీ తర్వాతి స్వరాన్ని ఆలస్యం చేయకండి.

లాటిన్ ఉచ్చారణలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది, దాన్ని చేజేతులా పాడుచేసుకుంటాం. రోమన్ లిపిలో టి, డి అక్షరాలు కనబడగానే ఇంగ్లీషు అలవాటుతో ట, డ అంటాం. లాటిన్‌లో అవి త, ద. దేవుడు ‘దేఉస్’, ‘డియస్’ కాదు. అందుకే మేము మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని పాడతాం, నాలుక దానంతటదే సరైన చోటికి వెళుతుంది. ఎ, ఇ ధ్వనుల ముందు సి అక్షరం చ అవుతుంది, జి అక్షరం జ అవుతుంది. జె అక్షరం మాత్రం య, మన ‘యేసు’లో ఉన్నట్టే. ‘ఆగ్నుస్’ అని రాసి ఉన్నదాన్ని ‘ఆఞుస్’ అనాలి. ‘గ్రాత్సియా’, ‘ఎక్షెల్సిస్’ వంటివి రెండుమూడు సార్లు పలికితే అలవాటవుతాయి. ఇది ఇటలీ చర్చి ఉచ్చారణ. జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు గాయకులు తమతమ తీరులో పలికేవారు, కానీ కొత్తగా మొదలుపెట్టేవారికి అన్ని రచనలకూ ఈ ఒక్క పద్ధతి చాలు. ఇంగ్లీషు కీర్తనల అలవాటువల్ల ఓ అన్న అచ్చు చివర ఉకారం చేరుతుంది, దాన్ని వదిలించుకుని తెలుగు ఓ పలకండి. మాట చివరి సకారం మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఐదుగురూ తలో క్షణంలో ‘స్’ అంటే పాము బుసకొట్టినట్టుంటుంది, కనుక ‘కోర్పుస్’ లాంటి చోట ఒక్కరే సకారం పలికి మిగిలినవారు అచ్చు మీదే ఆగిపోవచ్చు. చిన్న మోసమే గాని పనిచేస్తుంది.

మాటల బరువు ఎక్కడ పడుతుందో కూడా రాసుకోవాలి. పాలెస్త్రీనా ‘సీకుత్ చెర్వుస్’ తీసుకోండి. దుప్పి నీటివాగుల కోసం తపించినట్టు నా ప్రాణం నీకోసం తపిస్తోందన్న ఈ కీర్తన మీ తెలుగు బైబిల్లో 42వది, వుల్గాత అనే లాటిన్ బైబిల్లో 41వది. టెనర్ మొదట ఎత్తుకుంటుంది, వెనుక ఆల్టో, సొప్రానో, బాస్ వస్తాయి. ‘దెసీదెరాత్’లో బరువు ‘సీ’ మీద, ‘ఆనిమా’లో మొదటి అక్షరం మీద, ‘అక్వారుమ్’లో ‘వా’ మీద. ఈనాటి స్కోరులో ఉన్న బార్ గీతలు ఈ బరువులతో కలవవు. బార్ మొదటి స్వరాన్ని నొక్కి పాడే అలవాటున్నవారు మాటను విరిచేస్తారు. మేము ఒకసారి స్కోరు పక్కన పెట్టి, ఎవరి వరుసను వారు బార్ గీతలు లేకుండా తెల్లకాగితం మీద ఎత్తి రాసుకుని పాడాం. అరగంట గందరగోళం, ఆ తర్వాత ఈ పాట మొదటిసారి నీళ్ళలా పారింది. ప్రతి లాటిన్ మాట కింద దాని తెలుగు అర్థం రాసుకోవడం కూడా తప్పనిసరి, వాక్యం మొత్తానికి అర్థం తెలిస్తే చాలదు.

ఆల్టో పాడేవారు ఈపాటికి ఇబ్బంది పడుతూ ఉంటారు. ఆ రోజుల్లో చర్చిల్లో ఆ వరుస మగవారిది కనుక స్త్రీ కంఠానికి చాలా కిందికి వెళుతుంది. అప్పట్లో నిర్ణీత శ్రుతి ఏదీ లేదు, ఎవరి గొంతులకు తగ్గట్టు వారు ఎత్తుకునేవారు. కనుక మీరు కూడా ఒక స్వరమో, ఒకటిన్నర స్వరమో పైకి జరుపుకోండి, సొప్రానోకూ బాస్‌కూ ఇబ్బంది లేనంతవరకు. సీపీడీఎల్ (కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ) వెబ్‌సైటులో ఉచితంగా దొరికే స్కోర్లలో ఒకే మోటెట్‌కు వేర్వేరు శ్రుతుల ప్రతులు తరచుగా ఉంటాయి. వాటి నాణ్యత ఒకేలా ఉండదు కనుక రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చాకే ఎంచుకోండి.

స్పెయిన్ రచయిత విక్తోరియా 1572లో ప్రకటించిన ‘ఓ మాఞుమ్ మిస్తేరియుమ్’ మీకు క్రిస్మస్‌కు పనికొస్తుంది, పశువుల తొట్టిలో పడుకున్న ప్రభువును మూగజీవాలు చూశాయన్న ఆశ్చర్యం దాని విషయం. ‘ఓ బెయాతా వీర్గో’ అన్నచోట అప్పటిదాకా విడివిడిగా వచ్చిన గొంతులు ఒక్కటై ఆగుతాయి, అక్కడ తొందరపడకండి. చివర ‘అల్లెలూయా’ మూడు లెక్కల నడకలోకి మారుతుంది, అక్కడ తొందరపడినా పరవాలేదు.

జోస్కాన్ దే ప్రే ‘ఆవే మరియా... వీర్గో సెరేనా’ను ఏడాది తర్వాతకు ఉంచుకోండి. పెత్రుచ్చి తన 1502 సంపుటిలో మొదటి స్థానం ఇచ్చిన రచన అది. గొంతులు పైనుంచి కిందికి ఒక్కొక్కటే ప్రవేశిస్తాయి, మధ్యలో జంటలు విడిపోతాయి, ‘ఆవే వేరా వీర్జినితాస్’ దగ్గర అందరూ కలిసి పలుకుతున్నట్టే వినబడుతూ లోపల సొప్రానో వెనుకే టెనర్ నీడలా నడుస్తుంది. అన్నీ అయ్యాక ‘ఓ మాతెర్ దేయి, మెమెంతో మెయి’ అని నలుగురూ పొడుగాటి స్వరాలతో ఒక్కటిగా చేసే ప్రార్థన వస్తుంది. ఆఖరి మేళనంలో గాంధారమే లేదు, షడ్జమమూ పంచమమూ మాత్రమే. తంబురా పక్కన పెట్టి సాధన చేసినవారికి అది బాగా తెలిసిన శబ్దం. ఆ రెండు స్వరాల మధ్య ఏ అలా లేకుండా నిలిచేదాకా పట్టుకుని, ఊపిరి అయిపోయాక ఫోర్క్ మోగించి చూసుకోండి.